దగ్గే బిడ్డకు తలా ఒక చుక్క

మా అత్తగారింట్లో బిడ్డకు జలుబు చేస్తే జబ్బు బిడ్డది, పెత్తనం మాత్రం అందరిదీ. ముత్తియాల్‌పేటలో మా సందులో ఎవరింట్లో పసిబిడ్డ తుమ్మినా పది గడపలకు తెలిసిపోయేది. తెలిసినవాళ్ళు ఊరుకోరు కదా, చూడటానికి వస్తారు. వచ్చేవాళ్ళు ఉత్త చేతులతో రారు. గిన్నెలోనో సీసాలోనో ఏదో ఒకటి పట్టుకొచ్చి, బిడ్డ నోట్లోనో ముక్కులోనో వేసిగానీ పోరు. వేయకుండా పోతే అక్కడ మర్యాద కాదు. వేయనివ్వని తల్లి మర్యాద తెలియని మనిషి. ఆ లెక్కన మా సందులో నా అంత మర్యాద లేనిది ఇంకొకతె లేదు. అందుకు నాకు ఏనాడూ సిగ్గు వేయలేదు.

నేను నెల్లూరు వైపు నుంచి పుదుచ్చేరికి కోడలిగా వచ్చాను. మా ఆయన తరఫువాళ్ళు ఎన్నో తరాల కింద ఇక్కడికొచ్చి పొలాలు చేసుకుని, తర్వాత టౌనులో ఎరువుల దుకాణం పెట్టుకున్న తెలుగువాళ్ళు. ఇంట్లో మాట్లాడేది తెలుగే, కాకపోతే అందులో సగం అరవం. తెలుగు చదవడం మాత్రం ఒక్కరికీ రాదు. ఇదంతా రాయడానికి నాకు వచ్చిన ధైర్యంలో కొంత అందువల్ల వచ్చిందే. ఎవరైనా చదివి వినిపించినా నాకొచ్చిన నష్టం లేదు.

సునామీ వచ్చిన మరుసటి ఏడు వానాకాలం సంగతి ఇది. నా కూతురికి అప్పుడు తొమ్మిదో నెల. దోగాడుతోంది, పట్టుకుంటే నిలబడుతోంది. ఐప్పసిలో, అంటే దీపావళి నెలలో, వానలు విడవకుండా కురుస్తుంటే, ఆరని గుడ్డల మధ్య బిడ్డకు జలుబు పట్టుకుంది. మొదట ముక్కు కారింది, తర్వాత బిగిసింది, ఆ తర్వాత దగ్గు. పాలు తాగబోతే ఊపిరాడక వదిలేసి ఏడ్చేది.

ఇక మొదలైంది జాతర. ఎదురింటి పెద్దమ్మ ఆముదం వెచ్చచేసి తెచ్చి ముక్కులో వేయబోయింది. పక్కింటామె కొబ్బరినూనెలో కర్పూరం కరగబెట్టి తెచ్చింది. మా అత్త సానరాయి ముందేసుకుని వస కొమ్ము అరగదీయడం మొదలుపెట్టింది. స్నానం చేయించాక బిడ్డను సాంబ్రాణి పొగలో పట్టాలని ఒకరు, ఇంత తేనె నాకించమని ఇంకొకరు. అసలే ఊపిరాడని బిడ్డకు పొగ పెడతారట. నేను బిడ్డను భుజాన వేసుకుని ఈ గదిలో నుంచి ఆ గదిలోకి తిరుగుతూనే ఉన్నాను. తమలపాకు వెచ్చచేసి ఛాతీ మీద వేస్తామంటే మాత్రం, ఆ వేడి నా చేతి మీద పెట్టి చూసుకుని ఒప్పుకున్నాను. దానివల్ల జలుబు తగ్గలేదు గానీ ఆ పూటకు అందరి నోళ్ళూ మూతపడ్డాయి.

మరునాడు మా ఆయన్ను బయల్దేరదీసి పిల్లల డాక్టరు దగ్గరికి పోయాను. పెద్దావిడ. నవ్వదు, బుజ్జగించదు. బిడ్డ చొక్కా పైకెత్తి కాసేపు డొక్కలకేసి చూసింది, గొట్టం పెట్టి విన్నది, చెవులు చూసింది. తర్వాత అరవంలో చెప్పిన మాటలు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి. జలుబుకు మందు లేదు, కొన్నాళ్ళుండి అదే పోతుంది అన్నది. ఈ వయసు బిడ్డకు దగ్గు మందు పట్టకూడదు, ఏడాది నిండేదాకా తేనె నాలుక్కు తగలనివ్వకూడదు, ముక్కులో నూనె వేస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది, కర్పూరం దగ్గరికే రానివ్వొద్దు అన్నది. ముక్కు బిగిసినప్పుడు ఉప్పునీటి చుక్కలు వేసి, రబ్బరు బుడ్డితో మెల్లగా లాగేసి, ఆ తర్వాత పాలిమ్మన్నది. ఒక్కసారే కాకుండా కొంచెం కొంచెం మాటిమాటికీ ఇమ్మన్నది. జ్వరమొస్తే బరువును బట్టి తాను రాసిచ్చినంతే పట్టమన్నది.

చివర్లో కళ్ళజోడు తీసి నా మొహంలోకి చూసి చెప్పింది. "డొక్కలు ఎగరేస్తున్నా, పాలు మానేసినా, లేపితే లేవకపోయినా నా దగ్గరికి కూడా రావద్దు. నేరుగా పెద్దాసుపత్రికి పొండి."

ఇంటికొచ్చి ఉప్పునీటి చుక్కల సీసా బల్ల మీద పెట్టేసరికి మా అత్త ఒంటికాలి మీద లేచింది.

"ఏంది మే ఇది, ఉప్పునీళ్ళకా డాక్టరు? ఉప్పునీళ్ళే కావాలంటే వీరాంపట్టినం పోతే సముద్రమంతా ఉండాది కదా."

మా ఆయన నవ్వాడు. ఆ నవ్వును నేను ఇప్పటికీ మన్నించలేదు. పైగా, "ఒక సిరప్పు కూడా రాయలేదమ్మా, ఏం డాక్టరో ఏమో," అని తల్లికి వంత పాడాడు. ఆ ఇంట్లో డాక్టరు గొప్పదనం ఆమె రాసిన చీటీ పొడవును బట్టి ఉండేది. మందు వద్దని చెప్పడానికి ఎక్కువ చదువు కావాలని వాళ్ళకు చెప్పడం చెవిటివాడి ముందు శంఖం ఊదడమే. నేను ఊదాను కూడా. ఫలితం లేదు.

అయినా రెండు రోజులు నా మాటే నెగ్గింది. చుక్కలు వేసేదాన్ని, ముక్కు శుభ్రం చేసేదాన్ని, పాలిచ్చేదాన్ని, నిటారుగా ఎత్తుకుని తిరిగేదాన్ని. బిడ్డ దగ్గుతూనే ఉన్నా పాలు తాగుతోంది, మెలకువగా ఉన్నప్పుడు ఆడుతోంది. దగ్గు తగ్గలేదు కాబట్టి నేను ఓడిపోయినట్టే వాళ్ళ లెక్క. దగ్గు వినబడినప్పుడల్లా మా అత్త వంటింట్లో గిన్నె ఒకటి ఎత్తి కుదేసేది. మాట్లాడకుండా తిట్టడంలో ఆమెకు ఆమే సాటి.

ఆదివారం మధ్యాహ్నం మా వదిన వచ్చింది. అంటే మా ఆయన అక్క. కోసపాళయంలో కాపురం, ఇద్దరు బడికిపోయే పిల్లలు. ఆమె వచ్చేసరికి నేను కూర్చున్న చోటే తూగుతున్నాను. మా అత్త బిడ్డను నా ఒళ్ళోంచి తీసుకుని, "పోయి పండుకో మే, మేమిద్దరం ఉండాము కదా," అన్నది. ఎన్నాళ్ళకో విన్న మంచి మాట. నా గదిలోకి పోయి పడుకున్నాను.

లేచేసరికి పొద్దు వాలుతోంది. రొమ్ములు పాలతో బరువెక్కి నొప్పి పెడుతున్నాయి. ఇంట్లో దగ్గు వినబడటం లేదు. వదిన వెళ్ళిపోయింది. మా అత్త హాల్లో బిడ్డ పక్కన కూర్చుని విసనకర్రతో విసురుతోంది. ఆమె మొహంలో అంత సంతోషం నా పెళ్ళినాడు కూడా చూడలేదు.

"చూడు, ఎంత హాయిగా నిద్రపోతా ఉందో. నీ ఉప్పునీళ్ళకు పండుకునిందా ఇట్లా?"

బిడ్డను ఎత్తుకున్నాను. మెడ వాలిపోయింది. చేతులు కిందికి వేలాడాయి. రొమ్ము నోటికందిస్తే పెదవులు కదపలేదు. అరికాలు గీరాను, చెంపలు తట్టాను, పేరు పెట్టి పిలిచాను. కళ్ళు సగం తెరిచి మళ్ళీ మూసేసింది. ఊపిరి తీస్తోంది, కానీ ఒకదానికీ ఇంకోదానికీ మధ్య నేను ఎదురు చూడాల్సి వస్తోంది. ఒళ్ళు చల్లగా, చెమటగా ఉంది. ముద్దు పెట్టుకునేంత దగ్గరగా మొహం వంచితే గుప్పుమని బ్రాంది వాసన కొట్టింది.

ఈ ఊళ్ళో బ్రాంది ఎంత తేలికగా దొరుకుతుందో తెలియనివాళ్ళు లేరు. తాగనివాళ్ళ ఇళ్ళలో కూడా ఒక చిన్న సీసా ఉంటుంది, మందు కింద. బాలింతకు పోస్తారు, మోకాళ్ళకు రుద్దుతారు, సళి అంటే జలుబు పట్టిన పిల్లలకు వేడినీళ్ళలో కలిపి పోస్తారు. నా పురుడప్పుడు నాకూ గ్లాసులో తెచ్చి ఇచ్చారు, నేను తూములో పోశాను. పసిబిడ్డకు కూడా పోస్తారని విన్నాను గానీ, నేను గోడ అవతల పడుకుని ఉండగానే పోస్తారని అనుకోలేదు.

"అత్తా, ఏం పోశారు దీనికి?"

"ఏం పోస్తాం? సుమ్మా, ఊరికే రెండు చుక్కలు. నా పిల్లలందరికీ పోసిందే. వాళ్ళు పెరగలేదా?"

పెరిగారు. పెరిగినవాళ్ళే చెప్పుకోవడానికి మిగులుతారు. ఆ మాట నేను అప్పుడు అనలేదు, అనే తీరిక లేదు. మా ఆయన్ను పిలిచి, ఆటో ఆపించి, బిడ్డతో ఎక్కి కూర్చున్నాను. మా అత్త కూడా ఎక్కింది. వద్దన్నా వినలేదు. దారి పొడుగునా, "నిద్రపోయే బిడ్డను లేపి ఆసుపత్రికి తీసుకపోయేవాళ్ళను యాడా చూడలేదు," అంటూనే ఉంది. నేను బిడ్డ ముక్కు దగ్గర వేలు పెట్టుకుని కూర్చున్నాను. ఊపిరి వేలికి తగిలినప్పుడల్లా ఇంకొకటి రానీ అనుకున్నాను.

ఆసుపత్రిలో డ్యూటీలో ఉన్నది కుర్ర డాక్టరు. బిడ్డను బల్ల మీద పడుకోబెట్టి, కంట్లో లైటు వేసి చూసి, వెంటనే నర్సును కేకేశాడు. ముక్కుకు గాలి గొట్టం పెట్టారు. మా వైపు తిరిగి అరవంలో అడిగాడు. "ఏమిచ్చారు బిడ్డకు?"

మా అత్త ముందుకొచ్చింది. "ఏమీ లేదు సామీ. వాము నీళ్ళు."

డాక్టరు మళ్ళీ అడిగాడు. నాటుమందులైనా సరే, ఏదైనా సరే చెప్పమన్నాడు, తెలిస్తేనే ఏం చేయాలో తెలుస్తుందన్నాడు. ఆమె మళ్ళీ వాము నీళ్ళే అన్నది. నేను మా ఆయన వైపు చూశాను. ఆ సీసా తెచ్చి ఇంట్లో పెట్టింది ఆయనే, ఆ వాసన ఆటోలో ఆయనకూ వచ్చే ఉంటుంది. తల్లి వైపు చూశాడు, గోడ మీద బొమ్మ వైపు చూశాడు.

"ఆమె అబద్ధం చెబుతోంది," అన్నాను డాక్టరుతో. నాకు వచ్చిన అరవంలో, ఆ గదిలో అందరికీ వినబడేలా. "బ్రాంది పోసింది. మూతి దగ్గర వాసన చూడండి."

డాక్టరు వంగి వాసన చూశాడు. చూసి మా అత్త మొహంలోకి ఒక చూపు చూశాడు. వేలు గుచ్చి నెత్తురు తీసి, పసిబిడ్డలకు సారాయి పడితే ఒంట్లో చక్కెర పడిపోతుందని చెబుతూనే సూది గుచ్చి గ్లూకోజు ఎక్కించాడు. కానీ ఆ కుర్రాడు తెలివైనవాడు. ఒక్క బ్రాందికే బిడ్డ ఇంతగా సోలిపోదు, ఇంకేదో పడిందన్నాడు. ఇంకేం పడింది అన్నాడు.

మా అత్త కొంగు సర్దుకుంటూ వెనక్కి జరిగింది.

నేను ఆమె దగ్గరికి పోయాను. ఆమె మోచెయ్యి పట్టుకున్నాను. అంతకుముందు ఆమెను నేను గట్టిగా తాకింది కూడా లేదు. "బిడ్డకు ఏమన్నా అయితే పోసినందుకు కాదు, ఇప్పుడు నోరు మూసుకున్నందుకు అవుతుంది," అన్నాను. "చెప్పండి. మీరు చెప్పేదాకా ఈ చెయ్యి వదలను."

ఆమె నా వైపు చూడలేదు. కొడుకు వైపు చూసి, చిన్న గొంతుతో అన్నది. "దగ్గు మందు. ఒక మూత పోసినాము. అక్క తెచ్చింది, వాళ్ళ పెద్దోడికి డాక్టరు రాసిచ్చింది. దాన్నేమీ అనబాకండి."

దాన్నేమీ అనబాకండి. అప్పుడర్థమైంది నాకు. అంతసేపూ ఆమె కాపాడుకుంటున్నది పరువు ఒక్కటే కాదు. తన కూతుర్ని కాపాడుకుంటోంది. అల్లుడికి తెలిస్తే ఏమంటాడో, వియ్యంకుల ముందు కూతురు ఎక్కడ మాట పడుతుందో అని. బల్ల మీద ఉన్నది నా కూతురు. కడుపుతీపి గొప్పదంటారు. నిజమే, ఎవరి కడుపుది వాళ్ళకే గొప్పది. ఆ క్షణాన ఆమెను నేను అసహ్యించుకున్నట్టు నా జన్మలో ఎవరినీ అసహ్యించుకోలేదు.

మా ఆయన జేబులోంచి సెల్‌ఫోను తీసి అక్కకు చేసి, సీసా మీది పేరు అక్షరం అక్షరం చదివించుకుని డాక్టరుకు చెప్పాడు. అది బడికిపోయే పిల్లలకు ఇచ్చేది, అదీ మగత తెప్పించేది. మా వదిన ఆ మందు పోసి వెళ్ళాక, బిడ్డ ఇంకా దగ్గుతోందని మా అత్త బ్రాంది పోసింది. ఒకరు పోసింది చాలదన్నట్టు ఇంకొకరు. దగ్గు ఆగింది నిజమే. దగ్గడానికి కూడా బిడ్డలో ఓపిక లేకుండా చేశారు, అందుకని ఆగింది. దానికి విసనకర్రతో విసురుతూ కూర్చున్నారు.

తెల్లవారేదాకా నర్సు బిడ్డ ఊపిరి చూస్తూనే ఉంది. నేను బల్ల పక్కన నిలబడే ఉన్నాను. కిటికీలో వెలుతురు వచ్చే వేళకు బిడ్డ కాళ్ళు ముడుచుకుంది, మొహం చిట్లించింది, ఆ తర్వాత గొంతు చించుకుని ఏడ్చింది. ఏడుస్తూ దగ్గింది. ఆ దగ్గు విని నేనూ ఏడ్చాను. రొమ్ము అందిస్తే పోగొట్టుకున్నదాన్ని లాక్కున్నట్టు తాగింది. మా అత్త గుమ్మంలో నిలబడి దేవుడికి దండం పెట్టుకుని, "చూసినావా, లేచింది. నా కొడుకు చేసుకున్న పుణ్యం," అన్నది.

ఇంటికొచ్చాక పంచాయితీ జరిగింది. బిడ్డకు పోసినందుకు కాదు. పరాయి మగవాడి ముందు, నర్సుల ముందు, అత్త అబద్ధం చెబుతోందని అన్నందుకు. ఇంటి గుట్టు రట్టు చేశానట. మా వదిన అలిగి రావడం మానేసింది. బంధువుల్లో ఒక పెద్దమనిషి వచ్చి నన్ను కూర్చోబెట్టి, పెద్దవాళ్ళు ఏది చేసినా మంచికే చేస్తారమ్మా అన్నాడు. మంచికే. ఆ మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. పగవాడు పోసేదైతే తల్లి కనిపెట్టి ఉంటుంది. మంచికే పోసేవాళ్ళ దగ్గర బిడ్డను వదిలి తల్లి నిద్రపోతుంది. ఆ పెద్దమనిషికి కాఫీ కూడా ఇవ్వలేదు.

ఆసుపత్రి నుంచి వచ్చిన రోజే మా అత్త బిడ్డ కోసం చేతులు చాపింది. నేను ఇవ్వలేదు. మరునాడూ ఇవ్వలేదు. నీళ్ళు తోడుకోవడానికి పోయినా చంకనేసుకునే పోయాను. ఇంట్లో ఉన్న సీసాలన్నీ తీసి ఖాళీ చేశాను, ఆమె చూస్తూ ఉంటే. జలుబు చేస్తే డాక్టరమ్మ చెప్పిందే చేశాను, అడిగినవాళ్ళకు అదే చెప్పాను, గిన్నెలతో వచ్చినవాళ్ళను గడప దగ్గరే నిలబెట్టాను. మా ఆయన మధ్యలో ఏదో అనబోతే, "ఆ రోజు గోడకేసి చూశారు కదా, ఇప్పుడూ అటే చూడండి," అన్నాను.

కానీ పిల్లకు నడక వచ్చింది. నడక వచ్చిన పిల్ల అవ్వ ఎక్కడుంటే అక్కడికి పోతుంది. దాన్ని ఆపడం నా వల్ల కాలేదు. పొద్దున లేస్తే ఆమె కొంగు పట్టుకుని తిరిగేది. ఆమె కథలు చెప్పేది, ఆకాశంలో పోయే విమానం చూపించేది. తినడానికి మాత్రం మెతుకు కూడా పెట్టేది కాదు. ఆకలేస్తే నా వైపు తోసేది. నాకు జాలి కలగలేదు. భయపడుతోంది, భయపడనీ అనుకున్నాను.

మళ్ళీ ఐప్పసి వచ్చింది, మళ్ళీ వానలు. ఒక సాయంత్రం నేను వంటింట్లో ఉంటే హాల్లో పిల్ల దగ్గు వినబడింది. ఆ వెంటనే అడుగుల చప్పుడు. మా అత్త పిల్లను ఎత్తుకుని వంటింటి గుమ్మంలోకి వచ్చింది. మోకాళ్ళ నొప్పులతో ఎప్పుడూ అంత వడిగా నడిచే మనిషి కాదు. పిల్లను నా మొహం ముందుకు చాపి పట్టుకుంది.

"దగ్గతా ఉంది మే. నేనేమీ పోయలేదు. కావాలంటే వాసన చూసుకో."

వెనకే వచ్చిన మా ఆయన, "అమ్మ చెప్తా ఉంది కదా, వదిలేయ్," అన్నాడు. పిల్ల నన్ను చూసి నవ్వుతోంది. మా అత్త కళ్ళలోకి చూస్తూనే ముందుకు వంగి, పిల్ల మూతి దగ్గర ముక్కు పెట్టి, నింపాదిగా వాసన చూశాను. ఆ తర్వాతే బిడ్డను చేతుల్లోకి తీసుకున్నాను.